అప్‌డేట్: మా ఆయన ఏఎస్ఐ ప్రమోషన్ సంగతి

మొన్న అడిగిన కదా, జూనియర్లకు ఏఎస్ఐ ఇచ్చి, ఎంక్వైరీ ఉందని హెడ్ కానిస్టేబులైన మా ఆయన పేరు పక్కకు పెట్టిన్రని. నల్గొండల వకీలు సాబ్ కాగితాలన్నీ తిరగేసి ఒక్కటే అడిగిండు: "చార్జ్ మెమో (ఆరోపణలు రాసిచ్చే కాగితం) ఎప్పుడిచ్చిన్రు?" ప్రమోషన్లు తేల్చే కమిటీ కూర్చున్న 11 దినాలకు! మెమో ఇచ్చినంకనే సీల్డ్ కవర్ (ఎంక్వైరీ తేలేదాక కమిటీ నిర్ణయాన్ని కవర్ల మూసిపెట్టుడు) అని 1991ల జానకిరామన్ కేసుల సుప్రీంకోర్టు చెప్పిందట. ఉత్త ఎంక్వైరీ చాలదు.

సర్కారు నౌకర్ల కేసులు చూసే ట్రిబ్యునల్ తెలంగాణల 2016లనే లేకుంట పోయింది గనక నేరుగా హైకోర్టుల రిట్ ఏసినం. పొద్దుగాల ఐదింటి బస్సుకు సద్ది కట్టుకొని పోయినం. ప్రమోషన్ ఇయ్యమని కోర్టు అనలే, 8 వారాలల్ల మళ్ల పరిశీలించుమన్నది. గదే చాలు మాకు. ఆర్డర్ కాపీకి ఆయన అప్పుడే ప్లాస్టిక్ కవర్ తొడిగిండు.

మొన్న నేనడిగినప్పుడు ట్రిబ్యునల్‌కు పొమ్మని సలహా ఇచ్చిన అన్నా, ఏమనుకోకు.