16 నిమిషాలకే చప్పట్లు కొట్టారు, ఉపగ్రహం మాత్రం ఇంకా చేరలేదన్నారు. ఎందుకు?

మల్కాపురం వాసి:
నవంబరు 2, 2025 సాయంత్రం ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని సీఎంఎస్‌-03 ప్రయోగం చూశాం. నేవీ కోసం పంపిన ఉపగ్రహం. మా వీధిలో నేవీవాళ్లు చాలామందే ఉన్నారు, ఇక ఆ హడావుడి చెప్పక్కర్లేదు. 5.26కి రాకెట్ లేచింది, 16 నిమిషాలకే చప్పట్లు. తీరా వింటే అది ఉండాల్సిన చోటు 35,786 కిలోమీటర్ల ఎత్తులో అట, ఇంకా అక్కడికి చేరలేదట. మరి మిగతా దూరం దాన్ని ఎవరు తీసుకెళ్తారు? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

కంచరపాలెం డిష్:
నేను డిష్‌లు బిగిస్తానండీ. ఈ ఉపగ్రహాల మీద బతుకుతున్నవాణ్ని, అందుకే ప్రయోగం అయ్యాక కూడా వార్తలు వెతుక్కుని మరీ చదువుతాను.

ఆ చప్పట్లు రాకెట్‌కి. 640 టన్నుల ఎల్‌వీఎం-3 తన పని తాను చేసేసింది. 4,410 కిలోల ఉపగ్రహాన్ని కోలగా ఉండే కక్ష్యలో పెట్టింది. ఆ కక్ష్యకి ఒక కొస భూమికి 170 కిలోమీటర్ల దగ్గర ఉంటే, రెండో కొస దాదాపు 30 వేల కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడి నుంచి ఎక్కాల్సింది ఉపగ్రహమే, తనలో నింపుకున్న ఇంధనంతో.

కర్ణాటకలోని హసన్ కేంద్రం నుంచి ఆదేశం వెళ్తుంది. ఇంజన్ కాసేపు మండి ఆగుతుంది. కక్ష్య ఎంత మారిందో కొలిచి మళ్లీ మండిస్తారు. మన పెద్ద ఉపగ్రహాల్లో మామూలుగా ఆ ఇంజన్ బలం 440 న్యూటన్లు, అంటే నేల మీద 45 కిలోలు ఎత్తడానికి సరిపోయేంత. దాంతోనే టన్నుల బరువుని నెట్టుకుంటూ పోవాలి. దూరపు కొసలో మండిస్తే దగ్గరి కొస పైకి లేస్తుంది. శ్రీహరికోట భూమధ్యరేఖకి ఉత్తరాన ఉంది కాబట్టి కక్ష్యలో వచ్చే వాలునీ ఆ దూరపు కొసలోనే సరిచేస్తారు. చివరికి భూమధ్యరేఖ మీద గుండ్రంగా, భూమితో సమానంగా 23 గంటల 56 నిమిషాలకో చుట్టు తిరిగితేనే మనకి కదలనట్టు ఉంటుంది.

నాకు అసలు టెన్షన్ ఈ రోజుల్లోనే. 2018 మార్చి 29న జీశాట్‌-6ఏని రాకెట్ చక్కగా వదిలింది. ఇంజన్ రెండుసార్లు సరిగ్గానే మండింది. మూడోసారికి సిద్ధం చేస్తుంటే సంబంధాలు తెగిపోయాయి. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

జాలారిపేట:
అన్నా, మా బోటుకి ట్రాన్స్‌పాండర్ పెట్టారు. సెల్ సిగ్నల్ పోయాక కూడా దాన్నుంచి ఒడ్డుకి మెసేజ్ పోతుంది. అది మాట్లాడేది కూడా ఇలాంటిదాంతోనేనా?

కంచరపాలెం డిష్:
అవును తమ్ముడూ, జీశాట్‌-6తో. 2015 ఆగస్టు 27న వెళ్లింది. దానికి ఆరు మీటర్ల గొడుగు యాంటెనా ఉంది, మీ బోటు మీది చిన్న పెట్టె మాట వినగలిగేది అందుకే. పోయిన 6ఏ దానికి జోడీగా రావాల్సింది. అందుకే ఆ నష్టం నాకు పెద్దదనిపిస్తుంది.

జీశాట్‌-6 ఉన్నది 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. మన విశాఖ కూడా ఇంచుమించు అదే రేఖ మీద ఉంది! టాటా ప్లే వాడే జీశాట్‌-24 కూడా అక్కడే. అందుకే ఆ డిష్‌లు మన ఊళ్లో సరిగ్గా దక్షిణానికి చూస్తాయి, చూపు 69 డిగ్రీలు పైకి. పళ్లెం ముందు సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ కింది వైపు ఉంటుంది కాబట్టి పళ్లెం మాత్రం అంత వెల్లకిలా కనపడదు. యారాడ కొండ అడ్డొస్తుందా అని అడుగుతుంటారు. అంత ఎత్తు చూపుకి కొండ అడ్డురాదు, కొబ్బరి మట్టో పక్క మేడ మీది ట్యాంకో అడ్డొస్తుంది. ఇక్కడ ఉప్పు గాలికి బోల్టులు తుప్పు పట్టి డిష్ ఓ వేలెడు వాలినా సిగ్నల్ పోతుంది. హుద్‌హుద్ తుపాను అప్పుడు డిష్‌లు ఎగిరిపోయాయి గానీ పైనున్న ఉపగ్రహానికి ఏమీ కాలేదు.

మల్కాపురం వాసి:
చాలా థాంక్సండీ, మా పాపకి చదివి వినిపించాను. ఇంకొక్కటి. మార్చిలో వానా మబ్బూ లేకుండానే, మధ్యాహ్నం పూట టీవీ కొద్ది నిమిషాలు ఆగిపోతోంది. డిష్ తిప్పించాలా?

కంచరపాలెం డిష్:
వద్దండీ, ముట్టుకోకండి. మార్చి మధ్యలో, మళ్లీ సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో కొద్ది రోజులపాటు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా ఆ ఉపగ్రహం వెనక్కి వస్తాడు. ఆయన రేడియో హోరులో దాని సిగ్నల్ మునిగిపోతుంది. కొద్ది నిమిషాల్లో దానంతటదే వస్తుంది. ఆ సమయంలో కాకుండా వేరే వేళల్లో కూడా పోతుంటే అప్పుడు బోల్టులు చూడాలి.