“నైతిక బాధ్యత”: పర్లాకిమిడి నుంచి ఒక సందేహం

ప్రశ్న: మాస్టారూ, “నైతిక బాధ్యత వహిస్తూ మంత్రి రాజీనామా” అన్న తెలుగు వార్త విని, మా పక్కింటి ఒడియా మిత్రుడు “ఆయనను బలవంతపెట్టింది ఎవరు?” అని అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు.

జవాబు: ఆయన తప్పుగా వినలేదండీ. ఒడియాలో ‘బాధ్య’ అంటే బలవంతానికి లోబడినవాడు. తప్పనిసరి అనడానికి వారి మాట ‘బాధ్యతామూళక’. మనం బాధ్యత అనే చోట వారు ‘దాయిత్వ’ అంటారు. మన ‘బాధ్యత’కూ, వారి ‘బాధ్య’కూ మూలం సంస్కృతంలోని ‘బాధ్’ ధాతువే. ఒడియాలో ఆ ఒత్తిడి బయటినుంచి వస్తుంది. తెలుగులో మాత్రం అది మనిషి లోపలికి చేరి, తనకు తానే కట్టుబడటం అయింది. ఈ అర్థాన్ని మనం పోగొట్టుకోకూడదని నా కోరిక.

పోగొట్టుకుంటున్నామనే దిగులు వార్తల భాష చూసినప్పుడల్లా కలుగుతుంది. పదవిలోకి వచ్చిన రోజున మంత్రి “బాధ్యతలు స్వీకరించారు” అని బహువచనంలో రాస్తాము, అక్కడ ఆ మాటకు అధికారమని అర్థం. ప్రమాదం జరిగిన రోజున అదే మాట ఏకవచనమై, ముందు ‘నైతిక’ అన్న విశేషణం చేరి, “నైతిక బాధ్యత మాత్రమే, అసలు బాధ్యులు వేరే ఉన్నారు” అన్న ధ్వనితో వినిపిస్తుంది. బరువు పెంచవలసిన విశేషణంతో బరువు దించుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

1956 నవంబరులో అరియలూరు రైలు ప్రమాదంలో 100 మందికి పైగా మరణించినప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా చేశారు. అంతకు ముందు సెప్టెంబరులో మహబూబ్‌నగర్ ప్రమాదం తరువాత ఆయన ఇచ్చిన రాజీనామాను నెహ్రూ అంగీకరించలేదు; ఈసారి అంగీకరిస్తూ, తప్పు శాస్త్రిది కాదనీ, రాజ్యాంగ మర్యాదకు ఇది ఉదాహరణగా నిలవాలనీ పార్లమెంటులో చెప్పారు. ఇక్కడ నైతిక బాధ్యత అంటే తప్పు ఒప్పుకోవడం కాదు, తన శాఖలో జరిగిన దానికి తానే ముందుకు వచ్చి నిలబడటం.

ప్రశ్న: అయితే ‘జవాబుదారీ’ వేరా?

జవాబు: వేరే. మన వ్యాకరణంలోనే ఒక చిక్కు ఉంది: “ప్రమాదానికి బాధ్యుడు”, “సభకు బాధ్యుడు” అన్న రెండు చోట్లా ‘కి/కు’ ప్రత్యయమే వస్తుంది కనుక, దేనికి, ఎవరికి అన్న తేడా కనబడదు. మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించాలని రాజ్యాంగం 75వ అధికరణ చెప్పడంలో ఉన్నది రెండో అర్థం. ఆ అర్థానికి ‘జవాబుదారీ’ అని రాస్తే, జవాబు వినవలసిన సభ, ఓటరు వాక్యంలో కనబడతారు. ఒడియాలోని ‘ఉత్తరదాయీ’ కూడా అదే, ఉత్తరం అంటే జవాబు ఇచ్చేవాడు.

మీ మిత్రునికి ‘నైతిక దాయిత్వ’ అని చెప్పండి, అర్థమవుతుంది. తరువాత, మంత్రిని బలవంతపెట్టింది ఆ మంత్రి మనసేనని తెలుగు అర్థం కూడా చెప్పండి.