కాంబి బాయిలర్‌లో ప్రెషర్ కోడ్ వచ్చిన ప్రతిసారీ నీళ్ళు నింపి రీసెట్ నొక్కితే సరిపోతుందా?

నాగావళి
చలికాలం మొదలైతే చాలు, యూకేలో ఉన్న మనవాళ్ళ గ్రూపుల్లో కాంబి బాయిలర్ల మీద (ఇంటి హీటింగ్‌కీ, కొళాయి వేడినీళ్ళకీ కలిపి ఉండే గ్యాస్ బాయిలర్లు) ఒకటే సలహా తిరుగుతుంది: "కోడ్ వచ్చిందా? ఫిల్లింగ్ లూప్ తిప్పు, రీసెట్ నొక్కు, అయిపోతుంది." కోడ్ అంటే బాయిలర్ తెర మీద కనిపించే లోపం గుర్తు. వాలియంట్ కంపెనీ బాయిలర్‌లో ఎఫ్22, ఐడియల్ లాజిక్‌లో ఎఫ్1, బాక్సీలో ఇ119 వచ్చాయంటే హీటింగ్ సిస్టమ్‌లో నీటి ప్రెషర్ తగ్గిందని అర్థం. ఏడాదికి ఒకటి రెండుసార్లు నింపుకోవడం మామూలే, దాంట్లో తప్పు లేదు. వారం వారం నింపాల్సి వస్తుంటే మాత్రం నీళ్ళు ఎటో పోతున్నట్టే. అయినా "ఇంజనీర్‌ని పిలవక్కర్లేదు" అనే చెబుతున్నారు. నాకది నచ్చట్లేదు. మీరేమంటారు?

మంజీర
నేనైతే ఒప్పుకోను. ప్రెషర్ తగ్గితే నింపుకోమని కంపెనీ మాన్యువల్లనే రాసి ఉంటది. ఐదు నిమిషాల పనికి కాలౌట్ చార్జీ ఎందుకు కట్టాలె? బాయిలర్ ఆపి చల్లారనియ్యాలె. కింద వెండిరంగు జడల్లిన పైపు ఉంటది, అదే ఫిల్లింగ్ లూప్, రెండు చివర్ల రెండు వాల్వులు. ఒకటి పూర్తిగ తిప్పి, రెండోది మెల్లమెల్లగ తిప్పాలె. గేజ్ ముల్లు 1.2 బార్‌కు రాంగనే రెండూ బంద్ చెయ్యాలె. తర్వాత పైపు విప్పి పక్కన పెట్టాలె. ఇది చానామంది మర్చిపోతరు. 1999 వాటర్ ఫిట్టింగ్స్ రెగ్యులేషన్స్ ప్రకారం ఆ పైపు ఎప్పటికీ తగిలించి ఉంచొద్దు, రేడియేటర్ల మురికినీళ్ళు తాగేనీళ్ళలకు ఎక్కే ప్రమాదం ఉంటది. ఇంతే పని.

పినాకిని
నింపే పద్ధతి మంజీర గారు సరిగ్గా చెప్పారు. అసలు తేల్చాల్సింది ఆ నీళ్ళు ఎటు పోయాయన్నది. దారులు మూడే: రేడియేటర్ వాల్వుల దగ్గరో నేల కింద పైపుల్లోనో లీకు, ప్రెషర్ రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ మితిమీరితే నీళ్ళు వదిలేసే వాల్వ్) గుండా బయటికి, లేదా బాయిలర్ లోపల మంట వేడిని నీటికి అందించే హీట్ ఎక్స్‌ఛేంజర్ చిల్లుపడి కండెన్సేట్‌తో (పొగలోని ఆవిరి చల్లారి అయ్యే నీళ్ళతో) పాటు డ్రెయిన్‌లోకి.

ఇంట్లోవాళ్ళు చేయగలిగిన పరీక్షలు ఉన్నాయి. బయటి గోడకు రిలీఫ్ వాల్వ్ నీళ్ళు వదిలే 15 మి.మీ. రాగిగొట్టం ఒకటి కిందికి వంగి ఉంటుంది. రాత్రికి దాని మూతికి ఒక పాలిథిన్ కవర్ వదులుగా కట్టండి. పొద్దున కవర్‌లో నీళ్ళుంటే రిలీఫ్ వాల్వ్ వదులుతున్నట్టే. కవర్ పొడిగా ఉంటే మరోరాత్రి బాయిలర్ ఆపేసి, చల్లారాక దాని కింద ఫ్లో, రిటర్న్ పైపుల (రేడియేటర్లకు నీళ్ళు వెళ్ళే, తిరిగొచ్చే పైపుల) వాల్వులు రెండూ మూసి గేజ్ అంకె రాసిపెట్టుకోండి. పొద్దునకి ముల్లు దిగితే లోపం బాయిలర్‌లో ఉంది, దిగకపోతే రేడియేటర్ల వైపు వెతకాలి. మళ్ళీ వెలిగించే ముందు ఆ వాల్వులు తెరవడం మరవొద్దు.

రిలీఫ్ వాల్వ్ వదులుతుంటే ముందు అనుమానించాల్సింది ఎక్స్‌పాన్షన్ వెసెల్‌నే, అంటే రబ్బరు పొరకు ఒకవైపు గాలి, మరోవైపు నీళ్ళు ఉండే డబ్బాని. సిస్టమ్‌లో 100 లీటర్ల నీళ్ళుంటే 10 డిగ్రీల నుంచి 70కి వేడెక్కేసరికి రెండు లీటర్ల పైచిలుకు పెరుగుతాయి. ఆ పెరుగుదలను వెసెల్‌లోని గాలి సర్దుకోవాలి. గాలి దిగిపోతే సర్దుబాటు ఉండదు, ప్రెషర్ 3 బార్‌కు ఎక్కుతుంది, రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని నీళ్ళు బయటికి పోస్తుంది. చల్లారాక ముల్లు 0.3కో 0.4కో పడుతుంది, తెల్లారేసరికి ఎఫ్22. అందుకే హీటింగ్ వేసి అరగంట గేజ్‌ను గమనించండి. చల్లగా 1.2, వేడిగా 1.6 లేదా 1.8 అయితే బాగున్నట్టు. 2.5 దాటి పరుగెడితే వెసెల్ పోయినట్టే.

వెసెల్ మీద కారు టైరుకుండే వాల్వే ఉంటుంది. పిన్ను నొక్కితే గాలికి బదులు నీళ్ళొస్తే లోపలి రబ్బరు పొర చిరిగింది, వెసెల్ మార్చాలి. ఏమీ రాకపోతే గాలి నింపాలి, 0.75 నుంచి 1 బార్ దాకా. గాలి కొట్టేటప్పుడు నీటివైపు ప్రెషర్ సున్నాకి దించి, డ్రెయిన్ తెరిచే ఉంచాలి. లేదంటే పంపు గేజ్ చూపేది నీటి ప్రెషర్. ఇక ఒకసారి తెరుచుకున్న రిలీఫ్ వాల్వ్ సీటులో తుప్పురజను ఇరుక్కుని సరిగా మూసుకోదు. కొందరు వాల్వ్ ఒక్కటే మార్చి డబ్బు తీసుకుని వెళ్తారు, వెసెల్ ముట్టుకోరు. ఎక్కువ రోజులు పట్టదు, కొత్త వాల్వూ కారుతుంది.

వారం వారం నింపితే వచ్చే నష్టం నీళ్ళతో ఆగదు. కొత్త నీళ్ళతో ఆక్సిజన్ వస్తుంది, ఇన్‌హిబిటర్ (తుప్పు పట్టకుండా నీటిలో కలిపే మందు) పలచబడుతుంది, రేడియేటర్ల ఇనుము తుప్పుపట్టి నల్ల మడ్డి అవుతుంది. అది కొళాయి నీళ్ళను వేడిచేసే ప్లేట్ హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో పేరుకుంటుంది. అప్పుడు ప్రెషర్ కోడ్ పోయి ఓవర్‌హీట్ కోడ్ మొదలవుతుంది, దాని బిల్లు చాలా పెద్దది.

తుంగభద్ర
ఆ వెసెల్‌ను వెతుక్కుంటూ బాయిలర్ కేసింగ్ (పై తొడుగు) విప్పేవాళ్ళకు ఒక మాట. హైదరాబాద్‌లో చూసే గ్యాస్ గీజర్ బాత్రూమ్‌లోని గాలినే వాడుకుంటుంది, అందుకే కిటికీ లేని చోట ప్రాణాలు తీస్తుంది. ఇక్కడి బాయిలర్ గాలిని బయటినుంచే లాగి, పొగను బయటికే వదులుతుంది. చాలా మోడళ్ళలో ముందు పలక, దాని రబ్బరు సీలూ ఆ ఏర్పాటులో భాగమే. సీలు సరిగా కూర్చోకపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది. 1998 గ్యాస్ సేఫ్టీ రెగ్యులేషన్స్ ప్రకారం అలాంటి పలక విప్పడం గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో (గ్యాస్ పని చేసే అర్హత ఉన్న ఇంజనీర్ల జాబితాలో) ఉన్నవాళ్ళ పని. అద్దె ఇంట్లో ఉంటే మీరు ఖర్చు పెట్టనే అక్కర్లేదు. ఇంగ్లండ్‌లో 1985 ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ యాక్ట్ సెక్షన్ 11 కింద హీటింగ్ మరమ్మతు ఓనర్ బాధ్యత. వాట్సాప్‌లో కాకుండా ఈమెయిల్‌లో రాసి, కోడ్ కనిపించే ఫోటో పెట్టండి. గ్యాస్ వాసన వస్తే మాత్రం ఏ కోడూ చూడొద్దు, 0800 111 999కి చేయండి.

మంజీర
కేసింగ్ సంగతి ఒప్పుకుంటున్న. కానీ మంట వెలగలేదని చెప్పే కోడ్‌లకు గూడ అందరూ ఇంజనీర్‌నే పిలుస్తున్నరు. గడ్డకట్టే చలిల వూస్టర్‌ల ఈఏ, వాలియంట్‌ల ఎఫ్28, బాక్సీల ఇ133 వచ్చినయంటే ముందు మూడు చూడుండ్రి. వంటింట్ల గ్యాస్ స్టవ్ వెలుగుతుందా? ప్రీపేమెంట్ మీటర్‌ల పైసలున్నయా? బయటికి పోయే తెల్ల ప్లాస్టిక్ పైపు, అంటే కండెన్సేట్ పైపు, గడ్డకట్టిందా? బాయిలర్ల గుడగుడ చప్పుడొస్తే అదే అని అనుకోవచ్చు. గోరువెచ్చటి నీళ్ళు పైపు మీద పొయ్యాలె, మరిగే నీళ్ళు పోస్తే పైపు పగుల్తది. వేడినీళ్ళ బ్యాగు కట్టినా సరే. కరిగినంక రీసెట్ కొడితే వెలుగుతది. దీనికి గ్యాస్ సేఫ్ మనిషి ఎందుకు?

పినాకిని
దీనికి అక్కర్లేదు, పూర్తిగా ఒప్పుకుంటాను. శాశ్వతంగా కావాలంటే బయట ఉన్న 21.5 మి.మీ. పైపు తీసి 32 మి.మీ.ది వేయించి, వాలు సరిచేసి, వాటర్‌ప్రూఫ్ లాగింగ్ (చలి తగలకుండా కాపాడే తొడుగు) చుట్టించాలి.

అయితే ఈఏ చూడగానే ఆన్‌లైన్‌లో సర్క్యూట్ బోర్డు కొనేవాళ్ళున్నారు, వాళ్ళు ఆగాలి. మంట గుండా పారే కొన్ని మైక్రోయాంపుల కరెంటును బట్టి మంట ఉందని బోర్డు పోల్చుకుంటుంది. ఆ కరెంటు అందలేదనే ఆ కోడ్ చెబుతుంది. గ్యాస్ రాకపోవచ్చు, మంట దగ్గరుండే ఎలక్ట్రోడ్ కడ్డీ అరిగి ఉండొచ్చు, దాని తీగ తడిసి ఉండొచ్చు. బోర్డును అందరికన్నా చివర అనుమానించాలి.

ఎప్పుడు ఆగిందన్నది ఇంకా ముఖ్యం. వాలియంట్‌లో ఎఫ్28 అంటే మొదటే వెలగలేదు, ఎఫ్29 అంటే వెలిగి ఆరిపోయింది. వూస్టర్‌లో ఈఏతో పాటు వచ్చే 227, 229 తేడా కూడా ఇదే. స్నానానికి వేడినీళ్ళు తిప్పినప్పుడే ఆరిపోతుంటే గ్యాస్ ప్రెషర్‌ను బాయిలర్ పూర్తి లోడ్ మీద ఉండగా కొలవమని అడగండి. ఖాళీగా ఉన్నప్పుడు 21 మిల్లీబార్ చూపించి, లోడ్ పడగానే దిగిపోయే ఇళ్ళు ఉంటాయి. గాలివాన రోజుల్లోనే ఆరిపోతుంటే ఫ్లూ (పొగ బయటికి పోయే గొట్టం) చూడమనండి. రీసెట్ రెండుసార్లు నొక్కండి, మూడోసారి వద్దు.

మంజీర
మరి ప్రెషర్ లీకుకు సీలర్ డబ్బా (లీకు మూసే మందు) పోస్తే? అందరూ అదే పోస్తున్నరు.

పినాకిని
రేడియేటర్ జాయింట్‌లో సూదిమొన లీకైతే పట్టొచ్చు. కవర్ పరీక్షలో నీళ్ళొస్తే పోయకండి. వెసెల్‌లో గాలి లేకపోవడానికి సీలర్ మందు కాదు, రిలీఫ్ వాల్వ్ తెరుచుకునేది ప్రెషర్‌కే.