సొంతంగా చేసుకున్న గాలిమర చేనుకి పనికొస్తుందా, సోలార్ వచ్చాక దాని కాలం అయిపోయిందా?

కదిరి వేరుశనగ:
అందరికీ నమస్కారం. మాది కదిరి దగ్గర పల్లె. నాలుగెకరాల వేరుశనగ, కొండ వాలు కింద చేను. బోరుకి కరెంటు ఉంది గానీ పగలు 9 గంటలే. రాత్రయితే చీకటి, అడవి పందులు. విత్తనం వేసిన రోజు నుంచే సాళ్లు తవ్విపోస్తాయి. నేనో, మా నాన్నో గుడిసెలో కాపలా పడుకుంటాం. నాకు కావలసింది ఎక్కువేం కాదు. రెండు 5 వాట్ల బల్బులు, పందులు రాకుండా కంచెకి షాక్ ఇచ్చే మిషను బ్యాటరీకి ఛార్జింగు, ఒక ఫోను.

ఆషాఢం వస్తే మా చేలో నిలబడి మాట్లాడుకోలేం. గుడిసె కప్పు మీద రాళ్లు పెట్టుకోవాల్సిందే. మబ్బు పట్టి రోజుల తరబడి ఎండ ఉండదు, గాలి మాత్రం ఆగదు. రామగిరి కొండల మీద 1990ల నుంచే కరెంటు తీసే పెద్ద ఫ్యాన్లు తిరుగుతున్నాయి కదా, మా గాలి మంచిదనే కదా అక్కడ పెట్టారు! ఆఫ్రికాలో మలావీ దేశపు విలియం కామ్‌క్వాంబా కరువు వల్ల బడి మానేసి, 2002లో ట్రాక్టరు ఫ్యాను, పాత సైకిలు, డైనమో, సాగదీసిన ప్లాస్టిక్ పైపు రెక్కలు, జామాయిల్ కర్రల స్తంభంతో గాలిమర కట్టి ఇంట్లో నాలుగు బల్బులు, రెండు రేడియోలు నడిపాడు. అప్పటికి అతనికి 15 ఏళ్లు కూడా నిండలేదేమో. నాకు వెల్డింగ్ వచ్చు. పాత ఇనుము కొట్టు పక్క ఊళ్లోనే ఉంది. చేసుకోవచ్చా?

సబ్‌స్టేషన్ మాస్టారు:
తమ్ముడూ, విద్యుత్ శాఖలో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. నీ ఉత్సాహం చూస్తే ముచ్చటేస్తోంది, కానీ వద్దనే చెబుతాను. లెక్క చూడు.

గాలి వేగం రెట్టింపయితే అందులో శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఇది మనకి కలిసొచ్చే మాటలా వినిపిస్తుంది, నిజానికి కొంప ముంచేది ఇదే. వేగం సగానికి తగ్గితే శక్తి ఎనిమిదో వంతుకి పడిపోతుంది. సెకనుకి 3 మీటర్ల గాలిలో చదరపు మీటరుకి ఉండేది 16 వాట్లే. 5 మీటర్లకి 76, 8 మీటర్లకి 310 పైచిలుకు. దాన్నంతా లాగలేం. 59 శాతం దాటదని జర్మనీకి చెందిన ఆల్బర్ట్ బెట్జ్ వందేళ్ల కిందటే తేల్చాడు. మనం షెడ్డులో చేసుకున్న దానికి 25 శాతం దక్కితే గొప్ప. 2 మీటర్ల అడ్డకొలత రెక్కలు పెడితే 3 మీటర్ల గాలికి 13 వాట్లు, 5 మీటర్లకి 60 వాట్లు. చాలా మిషన్లు 3 మీటర్ల దగ్గర అసలు ఛార్జింగే మొదలుపెట్టవు.

నీ అవసరం రాత్రికి 170 వాట్-అవర్లు అనుకో. బల్బులకి 100, కంచెకి 60, ఫోనుకి 10. 100 వాట్ల సోలార్ ప్యానెల్ మబ్బు రోజుల్లో సగానికి పడిపోయినా రోజుకి 200 వాట్-అవర్లు ఇస్తుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు. బేరింగు లేదు, గ్రీజు లేదు.

ఇక రామగిరి మాట. అవి కొండ నెత్తి మీద, ఎత్తైన స్తంభాల మీద ఉన్నాయి. నీ గుడిసె వాలు కింద ఉంది. అదే గాలి నీ దగ్గరికి వచ్చేసరికి చింతచెట్లకీ బండలకీ తగిలి సుడి తిరుగుతూ వస్తుంది.

రాగితీగ:
మాస్టారూ, మీ లెక్క తప్పని అనను. నేను ప్రొద్దుటూరులో మోటార్లు చుట్టే షాపు నడుపుతున్నా. ఇప్పటికి మూడు గాలిమరలు చేశా. ఒకటి ఇంకా తిరుగుతోంది. చేసినోడిగా రాస్తున్నా, కొంచెం పెద్దదవుతుంది.

తమ్ముడూ, ముందు ఏది వాడకూడదో చెప్తా. కారు ఆల్టర్నేటర్ వద్దు. అది నిమిషానికి వెయ్యి చుట్లు దాటితే గానీ ఛార్జింగు అందుకోదు, నీ రెక్కలు మూడు నాలుగు వందలు తిరుగుతాయి. పాత సీలింగ్ ఫ్యాను మోటారు కూడా నేరుగా పనికిరాదు, అందులో అయస్కాంతం ఉండదు. ఇప్పుడు వస్తున్న, తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ ఫ్యానులో అయితే ఉంటుంది. దాని సర్క్యూట్ బోర్డు పోతే జనం తెచ్చి మా షాపులో పడేస్తారు. బోర్డు తీసేసి మూడు తీగలూ బయటికి లాగి చేత్తో తిప్పి చూడు, చిన్న బల్బు మిణుకుమంటుంది. అది నేర్చుకోవడానికి చాలు. 20 వాట్ల కంటే ఆశపడొద్దు.

గట్టిది కావాలంటే స్కాట్లాండులో హ్యూ పిగాట్ చూపించిన పద్ధతి. రెండు ఇనుప పళ్లాల మీద నియోడిమియం అనే బాగా బలమైన అయస్కాంతాలు వరసగా అతికించి, మధ్యలో రాగి చుట్టలు రెజిన్‌లో పోతపోసి పెట్టాలి. చుట్టల్లో ఇనుము ఉండదు కాబట్టి ఆగి ఉన్నప్పుడు అయస్కాంతం పట్టేయదు, చిన్న గాలికీ కదులుతుంది. పళ్లాలు బిగించేటప్పుడు వేలు మధ్యలో పెట్టావో, నలిగిపోతుంది. బోల్టు తిప్పుకుంటూ వెంట్రుకవాసి చొప్పున దించాలి.

రెక్కలకి ప్లాస్టిక్ పైపు కోస్తే గంటలో అయిపోతుంది, కానీ మన ఎండకి రెండేళ్లలో పెళుసెక్కుతుంది. నేను వేపచెక్కతో చెక్కించా. వడ్రంగి మా షాపు ముందు కూచుని మూడు రోజులు చెక్కాడు. మూడు రెక్కల్నీ తక్కెడలో తూచి, బరువైన దాన్ని రంపపుపొట్టు రాలేంత సన్నంగా అరగదీస్తూ పోయాడు. ఆ మూడు రోజులు విసుక్కున్నా గానీ, స్తంభం ఊగకుండా నిలబడింది ఆ పనితనం వల్లే.

ఇప్పుడు నా నష్టం చెప్తా, ఇది అందరూ చదవాలి. మొదటి మిషనుకి సోలార్ ఛార్జ్ కంట్రోలర్ తగిలించా. బ్యాటరీ నిండాక అది లైను తెంపేస్తుంది. ప్యానెల్‌కి అయితే పర్లేదు, ఊరికే ఎండలో పడి ఉంటుంది. గాలిమరకి లైను తెగితే లాగే బరువు ఉండదు, రెక్కలకి పట్టపగ్గాలుండవు. వేసవి ఈదురుగాలి సాయంత్రం, బ్యాటరీ నిండి ఉంది. శబ్దం ఈలలాగా మొదలై కేకలా మారింది. పక్కింటాయన పిల్లల్ని లోపలికి లాక్కున్నాడు. ఒక రెక్క విరిగి రేకుల షెడ్డులోంచి దూసుకుపోయింది. ఎవరికీ తగల్లేదు. 2 మీటర్ల చక్రం నిమిషానికి 400 చుట్లు తిరిగితే రెక్క కొన గంటకి 150 కిలోమీటర్ల వేగంతో పోతుంది, అది అంతకంటే ఎక్కువే తిరిగింది. కాబట్టి, నిండిన కరెంటుని హీటరు తీగలోకి మళ్లించే కంట్రోలరు పెట్టాలి. గాలి ముదిరితే చక్రం తనంతట తను పక్కకి తిరిగిపోయేలా తోకకి మడత కీలు ఉండాలి. మూడు తీగల్నీ ఒకటి చేసి ఆపే స్విచ్చి కింద చేతికి అందేచోట ఉండాలి. ఈదురుగాలి రాకముందే అది వేసేయాలి, వచ్చాక వేస్తే ఆగకపోవచ్చు. ఈ మూడింట్లో ఒకటి లేకపోయినా కట్టొద్దు.

పాలమూరు సైన్సు టీచర్:
అన్నా, మీరు రాసింది చదువుతుంటేనే భయమైతున్నది, కానీ మంచిగ చెప్పిన్రు. మా సర్కారు బడిల తొమ్మిదో తరగతి పిల్లలతోటి చిన్నది చేయించిన. ఆరు ఇంచుల రెక్కలు, పాత ప్రింటర్ల మోటరు. అది ఎల్ఈడీ వెలిగిస్తది, అంతే. కానీ గాలి అంటే లెక్క పెట్టే వస్తువని పిల్లలకు అర్థమైంది.

మాస్టారు గారూ, మీ లెక్కకు ఒక్కటి కలపాలె. సగటు వేగం 4 అన్నమనుకోండి. గాలి శక్తి వేగం ఘనాన్ని బట్టి ఉంటది కద. రోజంత 4 లెక్కనే వీస్తే ఘనం, అంటే 4×4×4, 64. సగం రోజు 2, సగం రోజు 6 వీచినా సగటు 4 వస్తది, కానీ ఘనాల సగటు 112. అంటే శక్తి ముప్పావు వంతు ఎక్కువ. సగటు చూసి కొట్టిపారేస్తే ఎట్ల? ఆయన చేన్ల గాలి ఎట్ల వీస్తదో కొలవందే చేసుకో అనలేం, వద్దు అనలేం.

సబ్‌స్టేషన్ మాస్టారు:
అమ్మా, మీ మాట నిజం. కొలవాలి, ఒప్పుకుంటున్నా. నేను మొండిగా అనడానికి కారణం ఉంది. 1980ల్లో కేంద్రం నీళ్లు తోడే గాలిమరలు ప్రదర్శనగా చాలా రాష్ట్రాల్లో పెట్టించింది. 12 రెక్కలు, 5 మీటర్ల చక్రం, కింద చేతిపంపు లాంటి పిస్టన్ పంపు. మంచి ఉద్దేశమే. తోలు వాషర్లు అరిగిపోతే మార్చేవాడు లేక, ఇనుప కడ్డీ విరిగితే అతికేవాడు లేక చాలాచోట్ల నిలిచిపోయాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాంటిది ఒకటి చూశాను. చక్రం తుప్పుపట్టి పిట్టలు గూళ్లు పెట్టుకున్నాయి. బావి గట్టున ముసలి రైతు దాని నీడలో కూచుని ఉన్నాడు. అది నాకు ఇప్పటికీ బాధే.

పైగా అప్పుడు నీళ్లు 30 అడుగుల్లో ఉండేవి. 10 మీటర్ల బావి నుంచి వెయ్యి లీటర్లు తోడడానికి కావలసింది 27 వాట్-అవర్లు, నష్టాలన్నీ కలిపినా 70. గాలిమరకి అది తగిన పని. ఇప్పుడు 600 అడుగుల బోరు. అదే వెయ్యి లీటర్లకి అర యూనిట్, అంటే 500 వాట్-అవర్లు, మోటారు నష్టాలతో దగ్గర దగ్గర ఒక యూనిట్. సొంత గాలిమరతో బోరు నడుపుదామని ఎవరైనా ఈ చర్చ చదివి అనుకుంటే, దయచేసి మానుకోండి.

అమరిల్లో నుంచి:
నేను టెక్సాస్‌లో ఉంటాను, మాది ఒంగోలు వైపు. ఇక్కడ పశువుల మేత బీళ్లలో పాత గాలిమరలు ఇప్పటికీ తిరుగుతుంటాయి. తనంతట తను గాలికి సర్దుకునే మరని డేనియల్ హాలడే 1854లో చేశాడు. షికాగోలో ఏర్‌మోటర్ అనే గాలిమరల కంపెనీ 1888లో మొదలైంది. దాని మరకి 18 రేకు రెక్కలు. నెమ్మదిగా తిరుగుతుంది గానీ చిన్న గాలికే బరువు లాగుతుంది. 1915 నుంచి పళ్ల చక్రాలు నూనె తొట్టిలోనే మునిగి తిరుగుతాయి, ఏడాదికోసారి నూనె మారిస్తే చాలు. మాస్టారు చెప్పిన తోలు వాషర్లు దీనికీ ఉన్నాయి, అవి మార్చే మనిషి దొరికేవాడు కాబట్టే ఇది బతికింది. పశువుల తొట్టి నిండడానికి రోజంతా పట్టినా ఫర్వాలేదు. ఇప్పుడు ఇక్కడ కూడా మర పాడైతే చాలామంది సోలార్ పంపే పెట్టుకుంటున్నారు. గాలి తక్కువై కాదు, స్తంభం ఎక్కి రిపేరు చేసే మనిషి కరువై.

ఉప్పుటేరు:
భీమవరం వైపు రొయ్యల చెరువు మాదండి. చెరువు నీళ్లలో గాలి కలిపే ఒక్కో ఏరేటర్‌కి 2 హార్స్‌పవర్, అంటే 1500 వాట్లు. సొంత గాలిమర దాని దరిదాపుల్లోకి రాదు. ఉప్పు గాలికి నియోడిమియం అయస్కాంతం పైపూత లేచిపోయి, లోపల తుప్పుపట్టి ఉబ్బుతుంది. తుపాను వస్తే స్తంభం దించుకోవాలి. సముద్రం పక్కన గాలి ఎక్కువ కదా అని ఎవరూ తొందరపడకండి. పాత డ్రమ్ములు నిలువునా కోసి నిలబెట్టే సావోనియస్ రకం ఎలా ఉంటుందంటారు, అది సులువంటున్నారు?

రాగితీగ:
సులువే అన్నా, ఏ దిక్కు గాలికైనా తిరుగుతుంది. కానీ 200 లీటర్ల డ్రమ్ము రెండు ముక్కలు చేస్తే గాలికి ఎదురయ్యేది చదరపు మీటరు కూడా రాదు. 5 మీటర్ల గాలికి 10 వాట్లు అనుకో. ఇరవై కిలోల ఇనుము తిప్పి 10 వాట్లు! చిన్న తొట్టికి నీళ్లు తోడుకోవచ్చు, కరెంటుకి వద్దు.

మాస్టారూ, మీతో ఒక్కచోట మాత్రం గట్టిగా విభేదిస్తా. నెలకి ఇన్ని యూనిట్లు, ఇంత ధర అని మీరు చూస్తున్నారు. ఈ తమ్ముడికి కావలసింది మబ్బు పట్టిన నాలుగో రాత్రి కంచె ఆగకుండా ఉండటం. ప్యానెల్ ఆ నాలుగు రోజులూ సగం ఇస్తుందన్నారు, ముసురు పడితే సగం కూడా రాదు. ఆ రోజుల్లోనే గాలి ఉంటుంది. రెండూ కలిపి పెట్టుకుంటే బ్యాటరీ చిన్నది సరిపోతుంది.

సబ్‌స్టేషన్ మాస్టారు:
నువ్వన్నది ఆషాఢ శ్రావణాలకి సరిపోతుంది నాయనా. నైరుతి గాలి సెప్టెంబరు తర్వాత పడిపోతుంది. కాయ ఊరి పందులు మరీ ఎగబడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. అంటే అసలు కాపలా కావలసిన రోజుల్లో నీ మర నిలబడిపోతుంది. ఇంకోటి, నేలకి దగ్గరగా రాత్రిపూట గాలి తగ్గుతుంది. పగటి గాలి చూసి మోసపోకూడదు.

కదిరి వేరుశనగ:
అందరికీ చేతులెత్తి దండం. అక్టోబరు మాట నేను ఆలోచించనే లేదు. ఇంట్లో అడిగితే మా నాయనమ్మ కూడా అదే చెప్పింది. తూర్పారపట్టడానికి గాలి కోసం చేటలు పట్టుకుని కళ్లంలో పొద్దంతా ఎదురుచూసేవాళ్లంట, వచ్చేది మధ్యాహ్నం దాటాకే అంట. అయినా ఆషాఢం రాత్రుల్లో గుడిసె కప్పు కొట్టుకునే చప్పుడు నా చెవులతో విన్నాను.

ముందు 100 వాట్ల ప్యానెల్ తెస్తున్నా, మా టౌనులో నాలుగు వేలు చెప్పారు. గాలిమర ఈ ఏడు కట్టను. 20 అడుగుల ఇనుప పైపు నిలబెట్టి, మూడు స్టే వైర్లు లాగి, పైన గాలి వేగం కొలిచే గిన్నెల చక్రం, దానికి సైకిలు స్పీడోమీటరు బిగిస్తా. టీచరక్క చెప్పినట్టు రోజూ పొద్దున, సాయంత్రం నోట్‌బుక్‌లో రాస్తా.

రాగితీగ:
పొద్దున సాయంత్రం కాదు తమ్ముడూ, నీకు వెలుతురు కావలసిన టైములో చూడు. కాపలాకి ఎలాగూ మేలుకుని ఉంటావు, రాత్రి పదికి, రెండుకి, నాలుగుకి రాయి. పైపు గుడిసె పక్కన పాతొద్దు. చుట్టూ వంద మీటర్లలో ఉన్న చెట్టుకంటే 10 మీటర్లు పైన ఉండాలని పద్ధతి, 20 అడుగులకి అది కుదరదు, కాబట్టి పడమటి గట్టు మీద చెట్టు లేని చోటు చూసుకో. పైపు అడుగున మడత బందు వేయించు, ఎక్కకుండా కిందికి దించుకోవచ్చు. గిన్నెలకి స్టీలు గరిటెలు కోసుకో, ప్లాస్టిక్ బంతులు ఎండకి నిలవవు.