పాత త్రీ నాట్ త్రీ రైఫిల్‌కు ఏ కొలత బుల్లెట్ ఎంచుకోవాలి?

ప్రశ్న: విజయవాడ, కృష్ణలంక నుంచి

అందరికీ నమస్కారం. టెక్సాస్‌లో ఉంటున్న మా అన్నయ్యగారి అబ్బాయి దగ్గర అక్కడి చట్టం ప్రకారం కొన్న 1917 నాటి లీ-ఎన్‌ఫీల్డ్ (అదే, త్రీ నాట్ త్రీ) రైఫిల్ ఒకటి ఉన్నది. కాల్చిన తూటాల ఖాళీ కేసులను (ఇత్తడి గుల్లలను) మందు, బుల్లెట్లతో తానే తిరిగి నింపుకొని రేంజిలో కాలుస్తుంటాడు. త్రీ నాట్ త్రీకి సరిపోతాయని అమ్మే .311 అంగుళాల వ్యాసం గల, తోక సన్నబడిన 174 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలిచే చిన్న ప్రమాణం) బుల్లెట్లు వాడితే, నూరు గజాల దూరంలోనే దెబ్బలు చెదిరిపోతున్నాయి. కొన్నిచోట్ల గుండ్రటి రంధ్రం పడవలసింది పోయి, బుల్లెట్ అడ్డం తిరిగినట్టు పొడవాటి చీలిక పడుతున్నది. నేను సైన్యంలో ఇదే రైఫిల్‌తో శిక్షణ పొందినవాణ్ణే గాని, మాకు తూటాలు కర్మాగారం నుంచి సిద్ధంగా వచ్చేవి కనుక బుల్లెట్ ఎంపిక గురించి ఎన్నడూ ఆలోచించవలసి రాలేదు. బరువు తగ్గించి 150 గ్రెయిన్లకు మారమని అబ్బాయికి చెప్పవచ్చునా?

జవాబు 1: గుంటూరు, బ్రాడీపేట నుంచి

నమస్కారమండీ. బరువు జోలికి ఇప్పుడే వెళ్ళవద్దు. త్రీ నాట్ త్రీకి 1910లో వచ్చిన ఏడో మార్కు (ఏడో నమూనా) తూటా బుల్లెట్ 174 గ్రెయిన్లే. 1917 నాటి రైఫిల్ సైట్లు ఆ తూటాకు తగినట్టే గుర్తించి ఉంటాయి. ముందు చూడవలసింది వ్యాసం, ఆ తరువాత బుల్లెట్ అడుగు ఆకారం.

.303 అనేది గాడులు (బుల్లెట్‌ను సుడి తిప్పడానికి గొట్టం లోపల కోసే మెలికల గీతలు) కోయక ముందు గొట్టం రంధ్రానికి ఉండే కొలత. బుల్లెట్ కూర్చోవలసింది గాడుల అడుగు వరకు కనుక అసలు కావలసిన కొలత అంతకంటె పెద్దది. యుద్ధకాలపు హడావుడిలో తయారైన గొట్టాల్లో అది .311 మొదలు .314 దాకా, కొన్నింటిలో ఆపైన కూడా కనిపిస్తుంది. మీవాడి గొట్టం .314 అయితే, .311 బుల్లెట్‌ను గాడులు గట్టిగా పట్టుకోలేవు. వేడి వాయువు పక్కల నుంచి ముందుకు దూసుకుపోతుంది. తగినంత సుడి అందక బుల్లెట్ గాలిలో పొర్లుతుంది. మీరు చెప్పిన పొడవాటి చీలిక దాని ఫలితమేనని నా అభిప్రాయం.

కార్డైట్ (నల్ల మందు స్థానంలో వచ్చిన పొగ తక్కువ తుపాకిమందు) మంట గొట్టాన్ని ఎంతగా తినేస్తుందో చరిత్రే చెబుతున్నది. లీ-ఎన్‌ఫీల్డ్‌కు ముందటి 1888 నాటి లీ-మెట్‌ఫర్డ్ రైఫిల్‌కు లోతు తక్కువ గాడులుండేవి. నల్ల తుపాకిమందుకు అవి సరిపోయాయి గాని కార్డైట్ రాగానే త్వరగా అరిగిపోవడంతో, 1895లో లోతైన అయిదు గాడుల ఎన్‌ఫీల్డ్ పద్ధతికి మారారు. అది ఎక్కువ కాలం నిలిచినా అరుగుదల తప్పలేదు.

అరిగిన గొట్టానికి అడుగు చదునుగా ఉన్న బుల్లెట్ మేలు. ఏడో మార్కు బుల్లెట్‌ను వెనక నుంచి చూస్తే రాగి మిశ్రమపు తొడుగు మధ్యలో సీసం బయటికి కనబడుతుంది. మందు పేలిన ఒత్తిడికి ఆ అడుగు కాస్త ఉబ్బి గాడులను నింపుతుంది. తోక సన్నబడిన రకానికి ఆ వెసులుబాటు తక్కువ. కాబట్టి అదే బరువులో, చదును అడుగుతో, .312 వ్యాసం గల బుల్లెట్లు ముందుగా ప్రయత్నించమనండి.

జవాబు 2: విజయవాడ, ఆటోనగర్ నుంచి

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. అయితే ఏది కొన్నా కొలిచిన తరువాతే కొనాలి. రైఫిల్ ఖాళీగా ఉన్నదని రెండుసార్లు చూసుకొని, బోల్టు తీసివేసి, గొట్టంలో పల్చగా నూనె రాసి, గాడుల కంటె కొద్దిగా లావైన మెత్తని సీసపు ముక్కను మూతి దగ్గర నుంచి ఇత్తడి కడ్డీతో నెమ్మదిగా నెట్టి బయటికి తీయాలి.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. గాడులు అయిదు కావడం వల్ల ఆ ముక్క మీద ప్రతి గట్టుకు సరిగ్గా ఎదురుగా పల్లం ఉంటుంది. మామూలు మైక్రోమీటర్ దవడలు పెడితే నిజమైన కొలత కంటె తక్కువ చూపిస్తుంది. మా షాపుల్లో అయిదు పళ్ళ రీమర్లు (రంధ్రాలను సరిచేసే పనిముట్లు) కొలవడానికి 108 డిగ్రీల వి ఆకారపు దవడ గల మైక్రోమీటర్ వాడతాం. అది దొరకకపోతే, మందం తెలిసిన పల్చటి ఇత్తడి షిమ్ముతో (రేకు పట్టీతో) ముక్కను ఒక చుట్టు బిగుతుగా చుట్టి, కొలిచి, షిమ్ము మందాన్ని రెండింతలు తీసివేయమనండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అబ్బాయి షిమ్ము పద్ధతిలో కొలిస్తే .314 వచ్చిందట. .312 చాలుతుందా? అతని స్నేహితుని జర్మన్ 1888 రైఫిల్‌కు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుందా?

జవాబు 3: గుంటూరు, బ్రాడీపేట నుంచి

.312 చదును అడుగు బుల్లెట్‌తో మెరుగుపడవచ్చు. పడకపోతే సీసం, తగరం కలిపి పోసిన బుల్లెట్‌ను.315 లేక .316కు సైజు చేసుకోవడం మంచి మార్గం. గాడుల కంటె ఒకటి రెండు వేలవంతుల అంగుళం లావుగా ఉండాలన్నది పోత బుల్లెట్లకు పాత నియమం. వాటికి మందు మోతాదు వేరు కనుక, ప్రచురిత లోడింగ్ పుస్తకంలో పోత బుల్లెట్లకు ఇచ్చిన పట్టికనే అనుసరించాలి.

జర్మన్ రైఫిల్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. దానికి మొదట వాడిన బుల్లెట్ .318, తరువాత వచ్చినది .323. రెంటినీ ఎనిమిది మిల్లీమీటర్లనే పిలుస్తారు. పాత ఇరుకు గొట్టంలో లావు బుల్లెట్ కాలిస్తే ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. తూటా ఛాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే గదిలో) దూరినంత మాత్రాన కాల్చకూడదు. ఆ గొట్టాన్ని కూడా కొలిచి, తుపాకులు బాగుచేసే అనుభవజ్ఞునికి చూపించిన తరువాతే బుల్లెట్లు కొనమనండి.

ఇది చదివే మనవాళ్ళకు ఒక మాట: 1959 ఆయుధాల చట్టం ప్రకారం మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. పై వివరాలన్నీ టెక్సాస్‌లోని ఆ అబ్బాయి కోసమే రాశాను.