పావుగంటలో సర్దుకున్న మూతి వంకర: చెకప్ దాకా ఆగవచ్చా?

ప్రశ్న:
నిన్న సాయంత్రం మా మామగారి కుడి చేతిలోని పేపరు జారిపోయింది, మూతి ఒక పక్కకు లాగింది, మాట ముద్దగా వచ్చింది. పావుగంటలో అంతా సర్దుకుంది. అది నీరసమేనని, ఈ వారంలోనే బీపీ చెకప్ ఉంది గనుక అప్పుడు చెబుదామని ఆయన అంటున్నారు. ఆగవచ్చా?

జవాబు 1:
ఆగవద్దు, ఇప్పుడే అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి. మెదడుకు రక్తం అందించే నాళం కాసేపు మూసుకుపోయి, తిరిగి తెరుచుకున్నప్పుడు ఇలాగే జరుగుతుంది. వైద్యులు దీనిని టీఐఏ అంటారు. లక్షణాలు పోయినా, మెడలోని నాళం సన్నబడటం, గుండె లయ తప్పడం వంటి అసలు కారణం అలాగే ఉండవచ్చు. పూర్తిస్థాయి స్ట్రోక్ (పక్షవాతం) వచ్చే ముప్పు మొదటి 48 గంటల్లోనే చాలా ఎక్కువ.

జవాబు 2:
నేను అత్యవసర విభాగంలో నర్సును. మా దగ్గర మొదట అడిగే ప్రశ్న, లక్షణాలు మీరు ఎప్పుడు చూశారని కాదు, మనిషి చివరిసారి మామూలుగా ఎప్పుడు ఉన్నారని. రాత్రి పదింటికి బాగానే పడుకున్న మనిషి ఉదయం ఆరింటికి చెయ్యి పడిపోయి లేస్తే, లెక్క పదింటి నుంచే మొదలవుతుంది. నాళానికి అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. పెద్ద నాళం మూసుకుపోయిన కొందరికి మాత్రం, స్కాన్‌ను బట్టి, 24 గంటల వరకూ గడ్డను గొట్టం ద్వారా తీసే వీలుంది. అది గడ్డో రక్తస్రావమో సీటీ స్కాన్‌లో తేలేదాకా ఇంట్లో ఆస్పిరిన్ ఇవ్వకండి. మింగడం దెబ్బతిని ఉండవచ్చు గనుక నీళ్లు కూడా పట్టవద్దు. మళ్లీ అనుమానం వస్తే నవ్వమనండి, రెండు చేతులూ చాచి ఎత్తమనండి, ఒక వాక్యం పలకమనండి. ఉన్నట్టుండి చూపు పోయినా, నడకలో తూలు వచ్చినా అంతే అత్యవసరం.

జవాబు 3:
పై రెండు జవాబులతో ఏకీభవిస్తూనే ఒక మాట చెప్పాలి. ప్రపంచంలో మరణాలకు ప్రధాన కారణాల్లో ముందు వరుసలో ఉన్న జబ్బు స్ట్రోక్. పాతికేళ్లు దాటిన ప్రతి నలుగురిలో ఒకరికి జీవితకాలంలో వస్తుందని అంచనా. బతికిన వారిలో చాలామందికి చెయ్యో మాటో పూర్తిగా తిరిగి రాదు, వారిని చూసుకోవడానికి ఇంట్లో మరొకరు ఉద్యోగం మానుకోవలసి వస్తుంది, ఆ నష్టం ఏ ఆసుపత్రి లెక్కలోకీ ఎక్కదు. ఏటా అక్టోబరు 29న, ప్రపంచ స్ట్రోక్ దినాన, లక్షణాల గురించి ప్రచారం జరగడం మంచిదే గానీ, నా దృష్టిలో అసలు పని రక్తపోటు దగ్గర ఉంది. స్ట్రోక్ కారణాల్లో అదే అన్నిటికన్నా పెద్దది, పైగా ఏ బాధా తెలియనివ్వదు గనుక మాత్రలు మానడం తేలిక.

ప్రశ్న అడిగినవారు:
అంబులెన్సు ఎక్కాము. బీపీ మాత్రలు కొంతకాలంగా వేసుకోవడం లేదని ఆయన ఇప్పుడే చెప్పారు. ఆ సంగతీ, నిన్నటి సమయమూ చీటీ మీద రాసి పెట్టుకున్నాను.