పెర్త్ జట్టుకు సిడ్నీ పేరు: ఈ బేర్స్‌ను మా ఊరు సొంతం చేసుకుంటుందా?

స్వాన్ తీరం (పెర్త్):

నేను పెర్త్‌లో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. ఇక్కడ చలికాలం ఆట అంటే ఏఎఫ్‌ఎల్, అంటే ఆస్ట్రేలియా సొంత రకం ఫుట్‌బాలే. వెస్ట్ కోస్ట్ ఈగల్స్, ఫ్రీమాంటిల్ డాకర్స్, ఈ రెండిట్లో ఏదో ఒకటి పిల్లలకు ఊహ తెలియకముందే ఖాయమైపోతుంది. మా అబ్బాయి మెడలో డాకర్స్ ఊదా కండువా ఉంటుంది. నాకు మాత్రం అంతకుముందు సిడ్నీలో ఉన్న రోజుల్లో రగ్బీ లీగ్ అలవాటైంది. కబడ్డీ చూస్తూ పెరిగినవాడికి అది తొందరగా ఎక్కుతుంది. పదమూడు మంది వరసగా గోడలా నిలబడతారు. అవతలివాడు బంతి పట్టుకుని మీదకొస్తాడు. పట్టి పడేయాలి. ఆరుసార్లు పడేస్తే బంతి మనది.

2027 నుంచి ఎన్‌ఆర్‌ఎల్‌లో, అంటే రగ్బీ లీగ్ పెద్ద పోటీలో, పెర్త్‌కి సొంత జట్టు వస్తోంది. దాని పేరు పెర్త్ బేర్స్, కోచ్ మాల్ మెనింగా. నా పేచీ ఆ పేరుతోనే. బేర్స్ అంటే నార్త్ సిడ్నీ బేర్స్. 1908లో పోటీ మొదలైన రోజు నుంచీ ఉన్న క్లబ్ అది. 1999 తర్వాత పెద్ద పోటీలో దానికి చోటు పోయింది. మ్యాన్లీ అనే ఇంకో సిడ్నీ క్లబ్‌తో కలిపి నార్తర్న్ ఈగల్స్ అని పెట్టారు, అదీ 2002తో ముగిసింది. ఇప్పుడు ఆ పేరు, ఆ ఎరుపు నలుపు రంగులు మూడు వేల కిలోమీటర్లకు పైగా దాటి మా ఊరికి వస్తున్నాయి.

వెస్టర్న్ ఆస్ట్రేలియా ప్రభుత్వం ఈ జట్టు కోసం ఏడేళ్ళలో 6.5 కోట్ల డాలర్లు ఇస్తోంది. అంటే మా పన్నుల డబ్బు. అయినా పేరు, రంగు, చరిత్ర అన్నీ ఇంకో ఊరివి. పైగా పెర్త్‌కి సొంత చరిత్ర లేకపోలేదు. 1995లో వెస్టర్న్ రెడ్స్ అనే జట్టు ఉండేది. మొదటి మ్యాచ్‌లో సిడ్నీ జట్టు సెయింట్ జార్జ్‌ని ఓడించింది. ఆ రోజు వాకా మైదానానికి 24 వేల మంది వచ్చారు. మూడేళ్ళకే ఆ జట్టును మూసేశారు. మా ఆఫీసులో ఒక పెద్దాయన దగ్గర ఆ ఎర్ర జెర్సీ ఇంకా ఉంది. కొత్త జట్టు సంగతి అడిగితే, "నా జట్టు ఒకసారి చచ్చిపోయింది, ఇది వేరేవాళ్ళ జట్టు" అన్నాడు. ఆ మాట నన్ను వదలడం లేదు.

అందుకే అడుగుతున్నాను. అరువు పేరుతో వచ్చిన జట్టును ఊరు తనది అనుకుంటుందా?

మోర్టన్ బే (బ్రిస్బేన్):

అనుకుంటుంది. మా డాల్ఫిన్స్‌ని చూడండి. 2023లో 17వ జట్టుగా వచ్చింది కానీ అది నిన్న పుట్టింది కాదు, 1947 నుంచి ఉన్న రెడ్‌క్లిఫ్ క్లబ్. సముద్రం ఒడ్డున సొంత మైదానం, సొంత షాపింగ్ సెంటర్, తరతరాలుగా పిల్లల్ని ఆడించిన కోచ్‌లు. పైకి వచ్చేటప్పుడు పేరులోంచి రెడ్‌క్లిఫ్ తీసేసి ఉత్త డాల్ఫిన్స్ అన్నారు. పాతవాళ్ళు కొంచెం నొచ్చుకున్నారు. అయినా మొదటి మ్యాచ్‌కి 32 వేల మంది వచ్చారు. వేన్ బెన్నెట్ కోచింగ్‌లో ఆ జట్టు సిడ్నీ రూస్టర్స్‌ని 28-18తో ఓడించింది. ఆ సాయంత్రం నేను స్టేడియంలోనే ఉన్నాను. పక్క సీటులో కూర్చున్న ముసలావిడ చివరి పది నిమిషాలు నా చెయ్యి వదల్లేదు.

ఆ నెలలోనే మా ఊరి పాత జట్టు బ్రాంకోస్‌తో మ్యాచ్‌కి 51 వేల మంది. అందులో ఓడిపోయాం. ఆ ఏడాది మా స్థానం 13. అయినా జనం రావడం మానలేదు.

ఇదే బ్రిస్బేన్‌లో 1995లో సౌత్ క్వీన్స్‌లాండ్ క్రషర్స్ అని పూర్తిగా కొత్త పేరుతో ఒక జట్టు పెట్టారు. మొదటి ఏడాది జనం బాగానే వచ్చారు, ఓటములు మొదలయ్యాక పలచబడ్డారు, 1997తో కథ ముగిసింది. గెలుస్తున్నప్పుడు ఎవరైనా వస్తారు. ఓడుతున్నప్పుడు కూడా రావాలంటే వెనక ఒక జ్ఞాపకం ఉండాలి. కాబట్టి పాత పేరు బరువు కాదు, బలం.

స్వాన్ తీరం:

మీరు చెప్పినదాంట్లోనే నా జవాబు ఉంది అన్నా. రెడ్‌క్లిఫ్ నుంచి బ్రిస్బేన్ స్టేడియానికి కారులో వెళ్ళిపోతారు. ఆ జ్ఞాపకం ఆ ఊరిదే. నార్త్ సిడ్నీ జ్ఞాపకం పెర్త్ పిల్లవాడికి ఎలా వస్తుంది?

నార్త్ సిడ్నీ రైలు:

నేను అవతలి ఒడ్డు నుంచి మాట్లాడతాను. నార్త్ సిడ్నీ ఓవల్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో అద్దెకుంటున్నాను. బేర్స్ కప్పు గెలిచింది 1921లో, 1922లో. ఆ తర్వాత ఉన్నన్నాళ్ళూ మళ్ళీ గెలవలేదు. అలాంటి జట్టును పట్టుకుని ఉన్నవాళ్ళది ఎలాంటి ప్రేమో ఊహించండి.

1999 తర్వాత సౌత్ సిడ్నీని కూడా తీసేశారు. వాళ్ళ కోసం వేలాది మంది వీధుల్లోకి వచ్చారు, కోర్టుకెళ్ళారు, 2002లో తిరిగొచ్చారు, 2014లో కప్పు కొట్టారు. నార్త్స్‌కి ఆ అదృష్టం పట్టలేదు. సిడ్నీకి ఉత్తరాన ఉన్న సెంట్రల్ కోస్ట్‌లో జట్టు పెడతామని ఏళ్ళ తరబడి అడిగారు, కుదరలేదు. కింది స్థాయి పోటీలో మాత్రం ఆ జెర్సీ ఆడుతూనే ఉంది. శనివారం మధ్యాహ్నం వెళ్తే అంజూరపు చెట్ల నీడలో మనవల్ని తెచ్చుకున్న తాతలు కనిపిస్తారు.

పెర్త్ వార్త వచ్చిన రోజు మా ఇంటి యజమాని, డెబ్బై దాటినాయన, గుమ్మం దగ్గర నిలబడి, "ఊరు ఏదైతేనేం, పేరు మళ్ళీ పాయింట్ల పట్టికలో చూస్తాను" అన్నారు. స్వాన్ గారూ, మీ ఆఫీసు పెద్దాయన బాధ, ఈయన సంతోషం రెండూ ఒక చోట నుంచే వచ్చాయని నాకనిపిస్తుంది. ఇద్దరి జట్లూ ఆ రోజుల్లోనే పోయాయి. మీ పెర్త్‌ని అడిగేది ఒక్కటే, ఆ పేరుకి కాస్త చోటివ్వండి.

విశాఖ ఇసుక (విశాఖపట్నం):

రగ్బీ నాకు పెద్దగా తెలియదు కానీ ఊరూ జట్టూ గొడవ మాత్రం బాగా తెలుసు. 2024 మార్చి 31న మా స్టేడియంలో ఢిల్లీ, చెన్నై మ్యాచ్ చూశాను. లెక్క ప్రకారం అది ఢిల్లీకి సొంత మైదానం. గ్యాలరీ మొత్తం పసుపే. ధోనీ బ్యాట్ పట్టుకుని దిగేసరికి పక్కవాడి మాట వినిపించలేదు. గెలిచింది ఢిల్లీ, ఊగిపోయింది ధోనీ కోసం. ఊళ్ళో ఆడినంత మాత్రాన జట్టు ఊరిది అయిపోదు.

దక్కన్ చార్జర్స్ సంగతి హైదరాబాద్ వాళ్ళు చెప్పాలి. 2008లో అట్టడుగున ఉండి, 2009లో దక్షిణాఫ్రికాలో కప్పు కొట్టింది. 2010లో సొంత మ్యాచ్‌లు నాగ్‌పూర్, కటక్ అంటూ బయట ఆడింది. 2012 సీజన్ ఆడాక జట్టునే రద్దు చేశారు. మరుసటేడు సన్‌రైజర్స్ వచ్చింది, పేరు వేరు, రంగు వేరు. 2016లో కప్పు గెలిచాక అందరూ నారింజ రంగే వేసుకున్నారు. కానీ మా అన్నయ్య ఇప్పటికీ 2009 గురించే మాట్లాడతాడు. ఆ కప్పు ఇప్పుడు ఎవరి ఖాతాలో ఉన్నట్టు?

యారా ఒడ్డు (మెల్‌బోర్న్):

స్వాన్ తమ్ముడూ, మెల్‌బోర్న్ కూడా ఏఎఫ్‌ఎల్ ఊరే. అసలు దాని పుట్టిల్లే ఇది. 1998లో స్టార్మ్ జట్టు పెట్టినప్పుడు ఇక్కడ రగ్బీ లీగ్‌కి చెప్పుకోదగ్గ పునాది లేదు. మీ రెడ్స్ మూతపడ్డాక ఆటగాళ్ళు కొందరు వచ్చి చేరింది ఈ జట్టులోనే. రెండో ఏడాదే, 1999లో, లక్షమందికి పైగా చూస్తుండగా ఫైనల్‌లో 20-18తో గెలిచింది. అప్పుడు నేను ఇక్కడ లేను, మా ఆయన ఉన్నారు. ఊరు పండగ చేసుకుంది కానీ తెల్లారి మళ్ళీ ఫుట్‌బాల్ కబుర్లేనట.

స్టార్మ్ మాది అని నాకు తెలిసింది గెలిచిన రోజు కాదు. 2010లో జీతాల పరిమితి దాటి ఆటగాళ్ళకు చాటుగా డబ్బు ఇచ్చారని తేలింది. 2007, 2009 కప్పులు లాగేసుకున్నారు. ఆ సీజన్‌లో ఎన్ని మ్యాచ్‌లు గెలిచినా పాయింట్లు లేవన్నారు. తప్పు తప్పే, నేను సమర్థించను. కానీ గెలిచినా ఏమీ రాని ఆ మ్యాచ్‌లకు జనం వచ్చారు. చలిలో మా పాపని దుప్పటి చుట్టి తీసుకెళ్ళాను. చుట్టూ ఉన్నవాళ్ళని చూసి, ఇంక ఈ జట్టు ఎక్కడికీ పోదు అనుకున్నాను.

ఇంకో మాట. మా పాప ఇప్పటికీ శనివారం ఏఎఫ్‌ఎల్, ఆదివారం స్టార్మ్. ఒకటి వదిలి ఇంకోటి పట్టుకోమని ఎవరూ అడగలేదు. పెర్త్‌లో కూడా అడగక్కర్లేదు.

లీడ్స్ చలి (ఇంగ్లండ్):

అభిమానం గురించే అందరూ మాట్లాడుతున్నారు, డబ్బు గురించి ఒక్క మాట. టొరంటో వుల్ఫ్‌ప్యాక్ కెనడా నుంచి ఇక్కడి పోటీలోకి 2017లో వచ్చింది. లాంపోర్ట్ స్టేడియం కిటకిటలాడేది. అట్టడుగు డివిజన్ నుంచి మూడేళ్ళలో ఎక్కి 2020లో ఇక్కడి పై డివిజన్ అయిన సూపర్ లీగ్‌కి చేరింది. కరోనా వచ్చింది, యజమాని డబ్బు ఆగింది, సీజన్ మధ్యలో తప్పుకుంది. అక్కడ అభిమానుల తప్పు ఏమీ లేదు. అక్కడికి ఆడటానికి వచ్చే జట్ల ప్రయాణం, బస ఖర్చు కూడా వుల్ఫ్‌ప్యాకే పెట్టుకోవాల్సి వచ్చేది.

దానికి పూర్తి వ్యతిరేకం పెర్పిన్యాన్‌లోని కాటలాన్స్ డ్రాగన్స్. 2006లో సూపర్ లీగ్‌లోకి వచ్చారు, 2018లో ఛాలెంజ్ కప్ గెలిచారు. దక్షిణ ఫ్రాన్స్ ఊళ్ళలో ఆ ఆట ఎప్పటినుంచో ఉంది, స్థానిక కుర్రాళ్ళు జట్టులో కనిపిస్తారు. నేను చూసేది పేరు కాదు, ఊరి కుర్రాళ్ళు ఎంతమంది ఆడుతున్నారన్నదే.

స్వాన్ తీరం:

లీడ్స్ గారూ, మీరు టొరంటో గురించి చెప్పింది చదివి ఉలిక్కిపడ్డాను. వెస్టర్న్ రెడ్స్ మెడకి కూడా సరిగ్గా అదే ఉరి వేశారు. తూర్పు నుంచి వచ్చే ప్రతి జట్టుకీ విమానం టికెట్లు, హోటల్ ఖర్చు రెడ్సే భరించాలన్నది చేర్చుకున్నప్పటి షరతు. ఆ పైన 1997లో పోటీయే రెండుగా చీలింది. ఆ రెండిటి మధ్య నలిగిపోయింది. తర్వాత మాత్రం "పెర్త్ జనానికి ఈ ఆట అక్కర్లేదు" అని మా మీద రాశారు. అక్కర్లేకపోతే 2019, 2022, 2025లలో స్టేట్ ఆఫ్ ఆరిజిన్, అంటే క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల మ్యాచ్, ఇక్కడ పెట్టిన మూడుసార్లూ 60 వేల స్టేడియం దాదాపు నిండేదా?

మోర్టన్ బే:

దానికి ఒక మెలిక ఉంది తమ్ముడూ. ఆరిజిన్‌కి వచ్చేది క్వీన్స్‌లాండ్ నుంచీ న్యూ సౌత్ వేల్స్ నుంచీ అక్కడికి పనికి వచ్చినవాళ్ళు, చూసిపోదామని వచ్చినవాళ్ళు. రేపు బ్రాంకోస్ పెర్త్‌కి వస్తే వాళ్ళందరూ బ్రాంకోస్ జెర్సీలోనే వస్తారు. విశాఖ గారు చెప్పిన పసుపు గ్యాలరీలాగా.

స్వాన్ తీరం:

అదే నా భయం. వాళ్ళు మారరు, మారాలని అడగడం కూడా న్యాయం కాదు. మారేది వాళ్ళ పిల్లలు.

మోర్స్‌బీ మిత్రుడు:

పపువా న్యూ గినీలో అయిదేళ్ళు లెక్కల పని చేశాను. 2028లో ఆ దేశపు జట్టు, చీఫ్స్, ఎన్‌ఆర్‌ఎల్‌లోకి వస్తోంది. అభిమానం వస్తుందా అనే ప్రశ్నే అక్కడ లేదు. 800కి పైగా భాషలున్న దేశం. అందరినీ ఒక చోట కూర్చోబెట్టేది ఈ ఆటే. ఆరిజిన్ రాత్రి పోర్ట్ మోర్స్‌బీలో ప్రతి మనిషీ న్యూ సౌత్ వేల్స్ నీలమో క్వీన్స్‌లాండ్ మెరూనో. మా కాపలాదారుకి సొంత టీవీ లేదు, సిడ్నీ ఆటగాళ్ళ పేర్లు మాత్రం వరసగా చెప్పేవాడు. వాళ్ళ హంటర్స్ జట్టు 2014లో క్వీన్స్‌లాండ్ పోటీలో చేరి, 2017లో కప్పు తెచ్చుకుంది.

ఆస్ట్రేలియా ప్రభుత్వం పదేళ్ళలో 60 కోట్ల డాలర్లు పెడుతోంది. పసిఫిక్‌లో చైనా ప్రాబల్యం పెరగకూడదన్న లెక్క అందులో ఉందని అందరికీ తెలుసు. రాజకీయం మారితే ఆ డబ్బు ఏమవుతుందన్నదే నాకు టెన్షన్. టికెట్ ధర ఆ కాపలాదారుకి అందుతుందా అన్నది రెండో దిగులు. పెర్త్‌కి అభిమానులు దొరకాలి. మోర్స్‌బీలో అభిమానులకు జట్టు దొరకాలి. రెండిటినీ ఒకే తక్కెడలో తూచకండి.

నార్త్ సిడ్నీ రైలు:

స్వాన్ గారూ, ఇంతకీ మీకు పేరు నచ్చకపోతే ఏం కావాలి? అది చెప్పండి.

స్వాన్ తీరం:

మీ ఇంటి యజమాని మాట చదివాక పేరు మీద నా కోపం చాలావరకు తగ్గింది. ఆయన దగ్గర్నుంచి దాన్ని లాక్కోవాలని నాకు లేదు. 1908 ఉండనివ్వండి. దాని పక్కన 1995 కూడా ఉండాలి, అదొక్కటే అడుగుతున్నాను. స్టేడియంలో రెడ్స్ ఆటగాళ్ళ పేర్లు ఒక గోడ మీద రాయాలి. ఏడాదికి ఒక మ్యాచ్ ఆ ఎర్ర జెర్సీలో ఆడాలి. మొదటి మ్యాచ్‌కి ఆ పాత ఆటగాళ్ళని పిలిచి మైదానంలో నడిపించాలి. మా ఆఫీసు పెద్దాయనకి అప్పుడు ఒక సీటు ఉన్నట్టు.

లీడ్స్ గారు చెప్పినది కూడా. పెర్త్ శివార్లలో శనివారం పొద్దున రగ్బీ లీగ్ ఆడే పిల్లలున్నారు, ఎక్కువమంది న్యూజిలాండ్ నుంచీ పసిఫిక్ దీవుల నుంచీ వచ్చిన కుటుంబాలవాళ్ళు. ఇప్పటిదాకా వాళ్ళు పెద్దగా ఆడాలంటే ఇల్లు వదిలి తూర్పుకి వెళ్ళాల్సిందే. వాళ్ళలో ఒక్కడు ఇక్కడే ఉండి, ఇక్కడి జెర్సీలో బంతిని అవతలి గీత దాటించి ట్రై వేసిన రోజు, బేర్స్ అన్న పేరు సిడ్నీదా పెర్త్‌దా అని నేను మళ్ళీ అడగను.

మెంబర్‌షిప్ రెండు తీసుకుంటాను, నాకూ అబ్బాయికీ. నిన్న రాత్రి వాణ్ణి అడిగాను. డాకర్స్ కండువా తీయనన్నాడు, అది వేసుకునే వస్తానన్నాడు. యారా అక్క మాట గుర్తొచ్చి సరేనన్నాను.